తూముల వెనక వెలిసిన ఊళ్ళు: గయానా పట్టణాల సింహావలోకనం

దక్షిణ అమెరికా ఈశాన్య తీరంలో, వెనిజులాకూ సురినాముకూ నడుమ ఉన్న గయానా విస్తీర్ణం దాదాపు 2,15,000 చదరపు కిలోమీటర్లు. జనాభా పది లక్షల లోపే. ఆ ఖండంలో ఇంగ్లీషు అధికార భాషగా ఉన్న స్వతంత్ర దేశం ఇదొక్కటే. ఉన్న కొద్దిపాటి జనంలోనూ పదింట తొమ్మిది వంతుల మంది అట్లాంటిక్ ఒడ్డున, కొన్ని మైళ్ళ వెడల్పు మాత్రమే ఉన్న పల్లపు నేల మీద బతుకుతున్నారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ నేల చాలాచోట్ల నీటిమట్టం కన్నా కిందే ఉంటుంది. ముందు సముద్రపు గోడ, వెనక మంచినీటి చిత్తడిని ఆపే మట్టికట్ట, రెంటి మధ్య కాలువలు, కాలువల చివర తూములు. వీటి నడుమ ఊరు. తూమును అక్కడివారు కోకర్ అంటారు. సముద్రం వెనక్కు తగ్గినప్పుడు తలుపు ఎత్తి మురుగునీటిని వదలాలి, పోటు తిరగకముందే దించాలి. ఆ పనిలో ఏమరుపాటు వస్తే ఊరు మునుగుతుంది. గవర్నర్లూ పార్టీలూ రాజ్యాంగాలూ మారిన క్రమాన్ని చెప్పే చరిత్ర ఒకటి ఉంది. నీటిని ఆపి నేలను నిలబెట్టినవారే ఆ నేలకు హక్కుదారులు కావడానికి తరాల తరబడి చేసిన ప్రయత్నం మరో చరిత్ర. గయానా ఊళ్ళు అర్థం కావాలంటే ఈ రెండోదే దారి చూపుతుందని నా నమ్మకం.

ఆ నేల మీద మొదటివారు ఆదివాసులు. లోకోనో, కారిబ్, వరావ్, అకవాయో, పటమోనా, మకుషి, వపిషానా వంటి జాతులు నదుల ఒడ్డునా, ఇసుక గుట్టల మీదా, లోపలి గడ్డి మైదానాల్లోనూ నివసించాయి. తీరపు బురదను వాళ్ళు దాని మానాన వదిలేశారు. తరవాత వచ్చిన డచ్చివారూ మొదట అదే దారి పట్టారు. ఎసెక్విబో నదికి ఎగువన, కయ్యూనీ మజరూనీ నదులు కలిసే చోట ఒక చిన్న లంకలో 1616లో కైక్-ఓవర్-అల్ కోట కట్టి, ఆదివాసులతో రంగుగింజల వ్యాపారం మొదలుపెట్టారు. 1627లో అబ్రహాం వాన్ పేరే బెర్బీస్ నదిని వలసగా చేసుకున్నాడు. దాని రాజధాని ఫోర్ట్ నస్సావ్ సముద్రానికి సుమారు 90 కిలోమీటర్లు ఎగువన ఉండేది. ఎగువ నేలల్లో సారం తగ్గిపోవడంతో పద్ధెనిమిదో శతాబ్దంలో చెరకు తోటల చూపు కిందికి, సముద్రపు ఒండ్రు వైపుకు మళ్ళింది. 1743 నుంచి 1772 దాకా ఎసెక్విబో అధిపతిగా పనిచేసిన స్టార్మ్ వాన్ గ్రేవ్‌సాండ్ డెమెరారా నదీ తీరాన్ని కొత్త తోటలకు తెరిచాడు. డచ్చివాళ్ళనే కాక ఇంగ్లీషు తోట దొరలనూ రమ్మన్నాడు. తరవాతి రెండు శతాబ్దాల పట్టణాల పటం ఆ నిర్ణయంతోనే రూపు కట్టింది.

ఆ పటాన్ని కాస్త నిదానంగా చూడాలి. ప్రతి తోటా సముద్రం వైపు సన్నటి ముఖంతో, వెనక్కు మైళ్ళ పొడవుతో దువ్వెన పళ్ళ మాదిరి పక్కపక్కన పరుచుకుంది. ముందు సముద్రపు కట్ట, వెనక చిత్తడి కట్ట, ఇరుపక్కలా హద్దు కట్టలు. లోపల రెండు రకాల కాలువలు. ఒకటి మురుగును సముద్రానికి తీసుకుపోతుంది, రెండోది వెనకనుంచి మంచినీటిని తెచ్చి చెరకు పడవలను మర దాకా మోస్తుంది. చదరపు మైలు చెరకు నేలకు 49 మైళ్ళ మురుగు కాలువలు, 16 మైళ్ళ నీటి కాలువలు ఉన్నాయని 1948లో చక్కెర పరిశ్రమపై విచారణ చేసిన వెన్ కమిషన్ లెక్కగట్టింది. వీటిని తవ్వడానికి కనీసం పది కోట్ల టన్నుల జిగురు మట్టిని ఎత్తిపోశారని కూడా ఆ కమిషనే అంచనా వేసింది. ఎత్తిపోసినవారు ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన బానిసలు, వారి చేతుల్లో ఉన్నవి పారలు. చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ గయానా శ్రామికుల చరిత్ర రాస్తూ ఈ అంకెను ముందుంచి, దేశపు తీరాన్ని మనుషులే తయారు చేశారని నిరూపించాడు. 1980లో జార్జిటౌన్‌లో ఆయన హత్యకు గురయ్యాక, మరుసటి ఏడాది ఆ పుస్తకం వెలువడింది. గయానా గురించి ఒక్క పుస్తకమే చదవగలిగే వారికి నేను దాన్నే సూచిస్తాను.

1763 ఫిబ్రవరి 23న బెర్బీస్ తోటల బానిసలు తిరగబడ్డారు. కఫీ అనే నాయకుడి వెనక వేలమంది నిలిచారు. డచ్చివాళ్ళు ఫోర్ట్ నస్సావ్‌ను తామే తగలబెట్టి నది కిందికి పారిపోయారు. కఫీ తనను గవర్నరుగా ప్రకటించుకుని, వలసను పంచుకుందామని డచ్చి గవర్నర్ వాన్ హూగెన్‌హైమ్‌కు ఉత్తరాలు రాయించాడు. లోపలి కలహాల వల్లా, బయటినుంచి వచ్చిన సైన్యాల వల్లా తిరుగుబాటు అణగిపోయినా, ఎగువన ఉన్న రాజధాని మళ్ళీ కోలుకోలేదు. 1790 నాటికి పాలన నదీముఖానికి, కాంజీ నది కలిసే చోటికి దిగివచ్చింది. అదే న్యూ ఆమ్‌స్టర్‌డాం. వెనకటి రాజధాని ఇప్పుడు అడవిలో కొన్ని ఇటుకలు, కొన్ని సమాధులు. స్వతంత్ర గయానా 1970లో గణతంత్రమైనప్పుడు అందుకు ఎంచుకున్న రోజు ఫిబ్రవరి 23. జార్జిటౌన్ నడిబొడ్డున ఫిలిప్ మూర్ చేసిన కఫీ కంచు విగ్రహం 1976లో వెలిసింది.

జార్జిటౌన్ పుట్టుక మరో రకం. 1782లో డెమెరారాను కొద్దికాలం పట్టుకున్న ఫ్రెంచివాళ్ళు నదీముఖాన ఒక ఊరికి హద్దులు గీశారు. 1784లో తిరిగి వచ్చిన డచ్చివాళ్ళు దానికి స్టాబ్రూక్ అని పేరు పెట్టారు. యూరప్ యుద్ధాల్లో వలస చేతులు మారుతూ చివరికి బ్రిటిషువారికి దక్కింది. 1812లో ఆ ఊరికి మూడో జార్జి రాజు పేరు వచ్చింది, 1831లో ఎసెక్విబో, డెమెరారా, బెర్బీస్ కలిసి బ్రిటిష్ గయానా అయ్యాయి, 1842లో జార్జిటౌన్ నగర హోదా పొందింది. అయితే నగరం ఒకే పథకం ప్రకారం పెరగలేదు. పక్కనున్న తోటలు ఒక్కొక్కటిగా వీధులుగా చీలి దానిలో కలిశాయి. కమ్మింగ్స్‌బర్గ్, బూర్డా, లేసీటౌన్, వర్క్-ఎన్-రస్ట్ పేటలన్నీ ఒకనాటి తోటలే. అందుకే నేటికీ అక్కడ విశాలమైన వీధులు నిటారుగా సాగుతాయి, వాటి నడుమ కాలువలు. కొన్ని కాలువలను పూడ్చి చెట్ల బాటలు వేశారు. ఇళ్ళు చెక్కవి. ఎత్తైన స్తంభాల మీద నిలబెట్టి, గాలి దూరేలా వాలు పలకల కిటికీలు పెట్టిన ఆ ఇళ్ళ అందం కరీబియన్‌లో పేరు మోసింది. చెక్క కాబట్టి అగ్నిభయం ఎప్పుడూ వెంటే ఉంది. 1828, 1864, 1913, 1945 సంవత్సరాల్లో పెద్ద మంటలు నగరపు నడిభాగాలను బూడిద చేశాయి. ప్రతిసారీ జనం మళ్ళీ కట్టుకున్నారు.

1823 ఆగస్టులో డెమెరారా తూర్పు తీరంలో మరో తిరుగుబాటు లేచింది. స్వేచ్ఛ ఇచ్చేశారు, దొరలు దాచిపెట్టారు అన్న వార్త తోటల్లో పాకింది. సక్సెస్ తోటకు చెందిన క్వామినా, అతని కొడుకు జాక్ గ్లాడ్‌స్టన్ ముందు నిలిచారు. వందలాది బానిసలను చంపారు. వారికి చదువు చెప్పిన మిషనరీ జాన్ స్మిత్‌ను జైల్లో పెట్టగా 1824లో అక్కడే మరణించాడు. ఆ మరణవార్తతో ఇంగ్లండులో బానిసత్వ వ్యతిరేకుల గొంతు పెరిగింది. 1834 ఆగస్టు 1న చట్టరీత్యా బానిసత్వం రద్దయినా, మరో నాలుగేళ్ళు అదే తోటలో అప్రెంటిస్ పేరిట పనిచేయాల్సి వచ్చింది. ఎసెక్విబో తీరంలో దాన్ని శాంతియుతంగా నిరసించిన డేమన్ అనే పనివాడిని ఉరితీశారు. ఆయన విగ్రహం నేడు అన్నా రెజీనా పట్టణంలో ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది, అదీ యజమానులకు. బానిసలకు పైసా దక్కలేదు.

ఆ ఏమీ దక్కని మనుషులు తరవాత చేసిన పని గయానా చరిత్రలోకెల్లా గొప్పదని నేను అనుకుంటాను. 1839 నవంబరులో ఐదు తోటలకు చెందిన 83 మంది కలిసి నార్త్‌బ్రూక్ అనే తోటను 30,000 గిల్డర్లకు కొన్నారు. అప్రెంటిస్ కాలంలో అదనపు గంటలు పనిచేసి, ఇంటి వెనక కూరగాయలు పండించి అమ్మి, నాణెం నాణెం కూడబెట్టిన సొమ్ము అది. ఆ నాణేలను ఒంటిచక్రపు తోపుడు బండ్లలో పోసి తీసుకుపోయి చెల్లించారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఊరికి విక్టోరియా అని పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది 128 మంది న్యూ ఆరెంజ్ నస్సావ్ తోటను 50,000 డాలర్లకు కొని, బానిసత్వ రద్దుకు పార్లమెంటులో పోరాడిన థామస్ బక్స్‌టన్ పేరు పెట్టారు. ఆపైన ఫ్రెండ్‌షిప్, ప్లేజన్స్, బెటర్‌వర్వాగ్టింగ్, ఇలా తీరం పొడవునా ఊళ్ళు లేచాయి. కొన్నేళ్ళ కిందట సంతలో పశువుల్లా అమ్ముడుపోయినవారు ఊళ్ళకు ఊళ్ళు కొన్నారు. చర్చిలు, బడులు కట్టుకున్నారు, పంచాయతీ పెట్టుకున్నారు, కట్టలకూ కాలువలకూ ఎవరెంత పనిచేయాలో రాసుకున్నారు.

వలస ప్రభుత్వానికీ తోట దొరలకూ ఇది రుచించలేదు. ఉమ్మడిగా భూమి కొనేవారి సంఖ్యకు చట్టంతో పరిమితి పెట్టారు. పాత తోట ఒక్కడి చేతిలో ఉన్నప్పుడు దాని నీటిపారుదలకు ఒకే ఆజ్ఞ, ఒకే ఖజానా ఉండేవి. వందమంది కొన్నాక ఆ తూమునే వందమంది పేదలు నిలబెట్టుకోవాలి. పక్క తోట నీరు వచ్చి మీద పడేది, కట్ట తెగేది, పంట కుళ్ళేది. ఆపైన ఊరి పన్ను. పన్ను కట్టలేదని భూములు జప్తు చేస్తే బక్స్‌టన్ ఆడవాళ్ళు రైలు పట్టాల మీదికి వచ్చి గవర్నర్ వెళ్తున్న రైలును ఆపారన్న కథ ఆ ఊరి గర్వం. ఆ రైలు సంగతీ చెప్పుకోవాలి. జార్జిటౌన్ నుంచి ప్లేజన్స్ దాకా 1848లో మొదలైన ఈ మార్గం దక్షిణ అమెరికా ఖండంలోనే మొట్టమొదటిది. దాని రూపకల్పన చేసిన ఇంజనీరు ఫ్రెడరిక్ కేథర్‌వుడ్ అంతకుముందు మధ్య అమెరికా అడవుల్లో మాయా శిథిలాల బొమ్మలు గీసి లోకానికి చూపిన చిత్రకారుడు. తోటల చక్కెర కోసం వేసిన దారే అయినా, కొత్త ఊళ్ళ కూరగాయలు, కోళ్ళు, బడి పిల్లలు, టీచర్లు, కబుర్లు దాని మీదే నగరానికి చేరాయి. 1972లో తూర్పు తీరపు రైలును మూసేశారు. ఆ తొందరపాటు ఊళ్ళకు చేసిన నష్టం చిన్నది కాదు.

స్వేచ్ఛ పొందినవారు కూలి బేరం చేయడం మొదలుపెట్టగానే దొరలు కొత్త చేతుల కోసం లోకమంతా వెతికారు. 1835 నుంచే మదీరా దీవి పోర్చుగీసువారు వచ్చారు. పొలంలో నిలవలేక చిల్లర దుకాణాల్లో స్థిరపడ్డారు. 1853 నుంచి చైనీయులు వచ్చారు. వారిలో ఓ తై కిమ్ అనే క్రైస్తవ ప్రచారకుడు 1865లో కముని వాగు ఒడ్డున హోప్‌టౌన్ అనే చైనీయుల ఊరు కట్టించాడు. కానీ తీరాన్ని నిజంగా మార్చింది భారతీయుల రాక. 1838 మే 5న విట్బీ, హెస్పెరస్ అనే ఓడలు కలకత్తా నుంచి తొలి ఒప్పంద కూలీలను దించాయి. ఆఫ్రికన్లు పూర్తి స్వేచ్ఛ పొందడానికి ఇంకా మూడు నెలలు ఉంది. ఈ కూలీలను రప్పించడంలో ముందున్న జాన్ గ్లాడ్‌స్టన్, 1823లో తిరగబడ్డ సక్సెస్ తోట యజమానే. 1917 దాకా ఆ ఓడలు సుమారు 2,39,000 మందిని చేర్చాయి. అధికభాగం బీహారు, అవధ్ ప్రాంతాలవారు. మద్రాసు రేవు నుంచి 1845లో మొదలై 1860ల ఆరంభం దాకా దాదాపు 15,000 మంది వెళ్ళారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు.

బానిసల పాకల్లోనే కూలీలను పెట్టారు. లాజీలు అనే ఆ పొడవాటి గదుల వరసల్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. పాసు లేకుండా తోట దాటితే జైలు. కూలి తగ్గించినందుకు పని ఆపితే తుపాకులు. 1872లో డెవన్‌షైర్ కాజిల్‌లో ఐదుగురు, 1913లో కాంజీ పక్కనున్న రోజ్ హాల్ తోటలో పదిహేను మంది పోలీసు కాల్పుల్లో మరణించారు. ఇంత అణచివేతలోనూ ఊరు అనే కోరిక మళ్ళీ మొలిచింది. తిరుగు ప్రయాణం హక్కు వదులుకున్నవారికి ప్రభుత్వం భూమి ఇచ్చే పథకం పెట్టాక హూయిస్ట్ డీరెన్, హెలీనా, విమ్, బుష్ లాట్ వంటి ఊళ్ళు వెలిశాయి. మనవాళ్ళకు తెలిసిన పని వరి. చెరకు వదిలేసిన పల్లాల్లో వరి నాటారు. ఎసెక్విబో తీరమూ బెర్బీస్ పడమటి తీరమూ ధాన్యాగారాలయ్యాయి. ఆఫ్రికన్లు చేతులారా కూడబెట్టి కొన్న ఊరూ, భారతీయులు స్వదేశాన్ని వదులుకుని పొందిన ఊరూ పక్కపక్కనే నిలిచాయి. నీరు ఇద్దరినీ ఒకేలా ముంచేది. రాజ్యం మాత్రం ఇద్దరినీ విడివిడిగానే చూసింది.

మద్రాసీలు అనే పేరుతో దక్షిణాది వారు కోరెంటైన్ తీరంలో, ముఖ్యంగా ఆల్బియన్, పోర్ట్ మోరంట్ తోటల్లో నిలదొక్కుకున్నారు. ఉత్తరాదివారి భోజ్‌పురీలో, ఆపైన అందరి క్రియోల్ ఇంగ్లీషులో వారి తెలుగూ తమిళమూ కరిగిపోయాయి. మిగిలింది అమ్మవారు. మారియమ్మ, కాళీమాయి పేర్లతో సాగే ఆ పూజలో వేపాకు, పసుపునీళ్ళు, పూనకం, మన జాతరల్లో మోగే తప్పెట వంటి చర్మవాద్యం ఈనాటికీ ఉన్నాయి. ఒకప్పుడు ఉత్తరాది పురోహితులూ, క్రైస్తవ మిషనరీలూ, చదువుకున్న సొంత పిల్లలూ కూడా దాన్ని చిన్నచూపు చూశారు. అయినా అది ఆగలేదు. జబ్బు చేసినప్పుడు ఆఫ్రికన్లు కూడా ఆ గుడికి వస్తారు. నాయుడు, మునుసామి, వీరసామి వంటి పేర్లు ఆ తీరంలో ఇంకా వినిపిస్తాయి. మన భాషను పోగొట్టుకున్నవారు మన గ్రామదేవతను పోగొట్టుకోలేదన్నది తెలుగు పాఠకుడు గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

పందొమ్మిదో శతాబ్దపు చివరి పాతికేళ్ళలో రాజధాని తన అందాలన్నీ సంతరించుకుంది. 1881లో ఇనుప స్తంభాలతో, గడియారపు గోపురంతో స్టాబ్రూక్ మార్కెట్ లేచింది. 1889లో చెక్క నగిషీల సిటీ హాలు పూర్తయింది. బ్లూమ్‌ఫీల్డ్ రూపొందించిన సెయింట్ జార్జి కథీడ్రల్ 1890లలో ప్రార్థనలకు తెరుచుకుంది. ప్రపంచంలోని ఎత్తైన చెక్క చర్చిల్లో దానికి చోటుంది. సముద్రపు గోడ పని 1850లలో మొదలై దశాబ్దాల పాటు సాగింది, చాలావరకు ఖైదీల చెమటతో. సాయంత్రం గాలి పోసుకోవడానికీ, ఈస్టర్ సోమవారం గాలిపటాలు ఎగరేయడానికీ నేటికీ జనం ఆ గోడ దగ్గరికే చేరతారు. 1905లో రేవు కూలీల సమ్మె కాల్పులతో ముగిసింది. అందులో పాల్గొన్న కుర్రాడు హ్యూబర్ట్ క్రిచ్‌లో 1919లో బ్రిటిష్ గయానా లేబర్ యూనియన్ స్థాపించాడు. న్యూ ఆమ్‌స్టర్‌డాం వేగంగా పెరగలేదు గానీ సాహిత్యంలో దాని వాటా పెద్దది. ఎడ్గర్ మిట్టెల్‌హోల్జర్, విల్సన్ హారిస్ ఇద్దరూ ఆ చిన్న నదీముఖ పట్టణంలో పుట్టినవారే.

ఇరవయ్యో శతాబ్దంలో పటం మీద చూపు ఆగాల్సిన చోటు పోర్ట్ మోరంట్. అది పట్టణం కూడా కాదు, బెర్బీస్ తూర్పు తీరంలో ఒక చెరకు తోట. మేనేజరు భవనం ఒక కొసన, ఓవర్సీర్ల బంగళాలు దూరంగా, లాజీలు మురుగు కాలువల మధ్య. 1918లో అక్కడి కూలి కుటుంబంలో పుట్టిన చెడ్డీ జగన్ ఆ దూరాలను చిన్నప్పుడే కొలిచి, తన ఆత్మకథలో వివరించాడు. అదే తోట క్రికెట్ మైదానం నుంచి రోహన్ కన్హాయ్, బేసిల్ బుచర్, జో సాలమన్ వచ్చారు, తరవాతి తరంలో ఆల్విన్ కాళీచరణ్. 1958 చివరి రోజున కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టులో వెస్టిండీస్ 5 వికెట్లకు 614 పరుగులు చేస్తే అందులో కన్హాయ్‌వి 256, బుచర్‌వి 103, సాలమన్‌వి నాటౌట్‌గా 69. ఒక్క చెరకు తోట పిల్లలు ముగ్గురు కలిపి 428 పరుగులు, అదీ వారిలో కొందరి తాతలు ఓడ ఎక్కిన నగరంలోనే. 1960లో బ్రిస్బేన్‌లో ప్రపంచపు తొలి టై టెస్టును ముగించిన ఆఖరి విసురు కూడా సాలమన్‌దే. లాజీల నడుమ ఖాళీ జాగాను మైదానంగా చేసుకున్న ఆ తరం సాధన ముందు నేను మనసారా తలవంచుతాను.

1948 జూన్ 16న ఎన్మోర్ తోట సమ్మెలో ఐదుగురు కూలీలు కాల్పులకు బలయ్యారు. వారి అంతిమయాత్రలో జగన్ చేసిన ప్రతిజ్ఞ స్వాతంత్ర్యోద్యమానికి నాంది. జగన్, ఫోర్బ్స్ బర్న్‌హామ్ కలిసి నడిపిన పార్టీ 1953లో, అందరికీ ఓటు వచ్చిన తొలి ఎన్నికల్లో, 24 స్థానాల్లో 18 గెలిచింది. ఆఫ్రికన్ ఊరూ భారతీయ ఊరూ ఒకే గుర్తుకు ఓటేసిన ఏడాది అది. 133 రోజులకే బ్రిటన్ సైన్యాన్ని దించి రాజ్యాంగాన్ని రద్దు చేసింది. 1955లో పార్టీ చీలింది, ఊళ్ళూ చీలాయి. 1964లో లియొనోరా తోట సమ్మెలో కోసిల్లా అనే కూలీ స్త్రీ ట్రాక్టరు కింద నలిగి మరణించింది. మే నెలలో విస్మార్‌లో భారతీయుల ఇళ్ళను కాల్చి వారిని ఊరినుంచి తరిమారు. జులైలో అదే డెమెరారా నదిలో సన్ చాప్‌మన్ పడవ పేలి నలభై మందికి పైగా ఆఫ్రికన్లు చనిపోయారు. ఆ ఏడాది వేలాది కుటుంబాలు కలగలుపు ఊళ్ళను వదిలి తమవారు ఎక్కువగా ఉన్న ఊళ్ళకు తరలిపోయాయి. ఆ గీతలు ఈనాటికీ పూర్తిగా చెరగలేదు. 1966 మే 26న వచ్చిన స్వాతంత్ర్యం ఆ గాయంతోనే వచ్చింది.

స్వతంత్ర ప్రభుత్వం 1970లో పట్టణాల జాబితాను పెంచింది. సురినాముకు ఎదురుగా ఉన్న స్ప్రింగ్‌లాండ్స్, స్కెల్డన్ కలిసి కోరివర్టన్ అయ్యాయి. రోజ్ హాల్ గ్రామం, అన్నా రెజీనా పట్టణ హోదా పొందాయి. నదీతీరపు మెకెంజీ, విస్మార్, క్రిస్టియన్‌బర్గ్ మూడూ కలిసి ప్రధాని లిండెన్ ఫోర్బ్స్ బర్న్‌హామ్ మొదటి పేరుతో లిండెన్ అయ్యాయి. 1916లో బాక్సైట్ కంపెనీ అడుగుపెట్టాక పుట్టిన మెకెంజీలో తెల్ల ఉద్యోగుల వటూకా పేట వేరు, కార్మికుల వాడలు వేరు. 1971లో గనులు, 1976లో బుకర్ కంపెనీ చక్కెర తోటలు జాతీయం అయ్యాయి. ఇంగ్లీషు నవలలకిచ్చే బుకర్ బహుమతి ఆ కంపెనీ 1969లో పెట్టిందే. యజమాని మారినా ధర నిర్ణయించే సంత లండన్‌లోనే ఉండిపోయింది. 1970, 80ల కొరతల్లో గోధుమపిండి దిగుమతిని కూడా నిషేధించారు. వేలాదిమంది న్యూయార్క్‌కూ టొరంటోకూ వలసపోయారు. న్యూయార్క్ రిచ్‌మండ్ హిల్‌లో నేడు ఫగువా (హోలీ) ఊరేగింపు, కాళీమాయి గుడి, గయానా రొట్టెల దుకాణం ఉన్నాయంటే తీరపు ఊరు సముద్రం దాటి ఇంకో పేట కట్టుకుందన్నమాట.

ఈ మార్పులన్నింటి కిందా రోజువారీ జీవితం తన నడక తాను నడిచింది. స్తంభాల మీది ఇంటి కింది భాగాన్ని అక్కడ బాటమ్-హౌస్ అంటారు. వరద వచ్చినప్పుడు నీటికి దారి, రాకపోతే ఇంటికి గుండె. ఉయ్యాల మంచం, వంట, పిల్లల ట్యూషను, యూనియన్ సమావేశం, పెళ్ళి విందు అన్నీ అక్కడే. హిందూ పెళ్ళిలో తామర జాతి ఆకుల్లో ఏడు కూరలతో అన్నం వడ్డిస్తారు. ఆఫ్రికన్ ఊళ్ళలో పెళ్ళికి ముందు క్వే-క్వే పాటలు, ఆగస్టు 1న పూర్వీకుల స్మరణ. క్రిస్మస్‌కు ఆదివాసుల పెప్పర్‌పాట్ మాంసం అందరి ఇళ్ళలోనూ ఉడుకుతుంది. తీరంలో ఒకరి పండక్కి ఇంకొకరు వండిపెట్టుకోవడం రాజకీయ నాయకుల ఐక్యతా ప్రసంగాల కన్నా పాతది, గట్టిది.

లోపలి దేశపు పట్టణాలకు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1840లలో మిషన్‌గా మొదలైన బార్టికా బంగారం, వజ్రాల వేటగాళ్ళకు ద్వారమైంది. ఈస్టరుకు పడవ పందేలు జరుగుతాయి. బ్రెజిల్ సరిహద్దున రుపునూని మైదానంలో ఒక గవర్నర్ పేరుతో వెలిసిన లెథెంలో అదే ఈస్టరుకు పశువుల కాపరుల రోడియో. 2009లో తకుటు వంతెన కట్టాక బ్రెజిల్ కొనుగోలుదారులు అక్కడి దుకాణాలకు వస్తున్నారు. 1994 తరవాత 22 ఏళ్ళపాటు స్థానిక ఎన్నికలే జరగని దేశంలో, 2016లో మళ్ళీ ఓటు వేసినప్పుడు బార్టికా, లెథెం, మబరూమా తమ తొలి పట్టణ సభలను ఎన్నుకున్నాయి. తరవాత మాహ్దియా చేరింది. 83 మంది కలిసి ఊరు కొని పాలించుకున్న దేశానికి ఆ 22 ఏళ్ళ మౌనం తగనిది.

2017 చివర్లో స్కెల్డన్, రోజ్ హాల్, ఎన్మోర్ చక్కెర మిల్లులు మూతపడి వేలమంది వీధిన పడ్డారు. వాటిలో రోజ్ హాల్ 2023లో తిరిగి తెరుచుకుంది. ఈలోగా 2015లో తీరానికి దూరంగా సముద్రగర్భంలో చమురు దొరికింది, 2019 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది. జార్జిటౌన్‌లో అద్దెలు పెరిగాయి, హోటళ్ళు లేచాయి. 2008లో బెర్బీస్ నదికి వంతెన పడింది. 1978 నుంచి డెమెరారా నదిపై తేలిన పాత పంటు వంతెన పక్కన ఎత్తైన కొత్త వంతెన వచ్చింది. ఒకప్పుడు పనికోసం జనం బయటికి పోయిన దేశానికి ఇప్పుడు బయటివారు వస్తున్నారు. సంక్షోభంలో ఉన్న వెనిజులా నుంచి వరావ్ ఆదివాసులూ, ఒకనాడు అటు వలసపోయిన గయానీయుల సంతానమూ మబరూమా దారిన తిరిగి చేరారు. బార్టికాలో, రాజధాని సందుల్లో స్పానిష్ వినిపిస్తోంది. అలా వచ్చినవారి పిల్లలు ఇప్పుడు తీరపు బడుల్లో ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు.